నాలుగు వందల ఏళ్ల రైతు యిల్లు

రాజుల కోటల్ని, జమీందార్ల మేడల్ని ప్రభుత్వాలు కాపాడటం మనం ఎరిగిందే. మరి గొర్రెలు కాసుకుని, పొలం చేసుకుని బతికిన ఓ రైతు కుటుంబం కట్టుకున్న యింటికి కోటతో సమానంగా చట్టం కాపలా కాస్తోందంటే నమ్ముతారా?

ఇంగ్లండు వాయవ్య మూల కంబ్రియా అనే కొండ ప్రాంతం వుంది. అక్కడ ట్రౌట్‌బెక్ అనే లోయ వూళ్లో వుంది ఆ యిల్లు. పేరు టౌనెండ్, అంటే వూరి చివర అని. బ్రౌన్ అనే రైతు కుటుంబం తరతరాలుగా 1943 దాకా అందులోనే కాపురముంది. 1948లో ఆ యిల్లు నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది.

ముందు హక్కు, తర్వాత గోడ

యింటి మధ్య భాగం కట్టింది 1626 ప్రాంతంలో. ఆ ఏడాదికి ఓ కథ వుంది. ఆ ప్రాంతం స్కాట్లండు సరిహద్దుకు దగ్గర. యుద్ధమొస్తే ఆయుధం పట్టుకుని వెళ్లాలి, అందుకు బదులు భూమి తండ్రి నుంచి కొడుక్కి దక్కుతుంది. ఇదీ అక్కడి రైతుల ఆనవాయితీ. 1603లో స్కాట్లండు రాజు జేమ్సే ఇంగ్లండుకూ రాజయ్యాడు. యిక సరిహద్దు కాపలాతో పనేముంది, ఆ హక్కు చెల్లదు పొమ్మన్నారు. 1620లో రాజు ప్రకటన కూడా వచ్చింది. రైతులు వూరుకోలేదు. ఏకమై కోర్టు కెక్కారు. 1625లో స్టార్ ఛాంబర్ అనే పెద్ద న్యాయస్థానం వారసత్వ హక్కు రైతులదేనని తేల్చింది.

తర్వాత ఆ శతాబ్దంలో ఆ కొండల్లో రాతి యిళ్లు వరసగా లేచాయి. భూమి రేపు మనదవుతుందో కాదో తెలియనివాడు నాలుగు తరాల యిల్లు కట్టడు గదా!

గోడలు, కప్పు, పొగగొట్టం

అది వాన మెండుగా వుండే చోటు. ఆ కొండల్లోనే సీత్‌వెయిట్ అనే వూళ్లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అంత వానను తట్టుకోవడానికి వాళ్లు దూరం నుంచి ఏమీ తేలేదు. కాళ్ల కింద దొరికిన రాయినే వాడారు. గోడ మందంగా రెండు పొరలుగా పేర్చి, మధ్యలో చిన్న రాళ్లు నింపారు. పైన సున్నం మెత్తి, సున్నం కొట్టారు.

కప్పు పలక రాతిది. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి. బరువంతా గోడ మీద పడుతుంది, గని నుంచి వచ్చిన చిన్న ముక్క కూడా వృథా కాదు. పొగగొట్టాలు గుండ్రంగా వుంటాయి. అందం కోసం మాత్రమే కాదు, ఆ గరుకు రాయితో నలుచదరం మూల తీయడం కష్టం, గుండ్రంగా పేర్చడం తేలిక.

లోపల ఒక పక్క వంట, చాకిరీ గది. మధ్యలో పొయ్యి గది, కుటుంబమంతా చేరేది అక్కడే. గోధుమ సరిగా పండని చలి నేల గనుక ఓట్స్ రొట్టెలు కాల్చి, చెక్కడాలు చేసిన ఓక్ చెక్క అల్మరాలో దాచుకునేవారు. యింకో విశేషం, యింట్లో వెయ్యికి పైగా పుస్తకాలున్నాయి. వాటిలో కొన్ని లోకంలో మరెక్కడా లేవు!

ఏటవాలులో కొట్టం

మనం ముఖ్యంగా గమనించాల్సింది దారి కవతల వున్న కొట్టాన్ని. ఆ సీమలో యిలాంటివి చాలా వున్నాయి. కొండవాలు నానుకుని రెండంతస్తులు కడతారు. ఎగువ నుంచి బండి తిన్నగా పై అంతస్తులోకి వస్తుంది. ఎండుగడ్డి అక్కడే దించుతారు, నూర్పిడి అక్కడే. కింద గొడ్లు. మేత పై నుంచి కిందికి తోస్తే చాలు, మోత పని లేదు. పైన గడ్డి వుంటే చలి కాలంలో గొడ్లకు వెచ్చదనం కూడా. పక్కనే చూరు కింద ఓ వసారా వుంది. దాన్ని ‘వడికే వసారా’ అంటారు. ఉన్ని వడకడానికి, ఆరబెట్టడానికి వాన తడవని చోటు.

చట్టం ఏమంటుంది?

ఇంగ్లండులో పాత కట్టడాల్ని జాబితాలో చేర్చి మూడు తరగతులుగా విభజిస్తారు. టౌనెండ్‌ది మొదటి తరగతి. జాబితా కెక్కిన ప్రతి వంద కట్టడాల్లో యిలాంటివి రెండో మూడో వుంటాయి. 1947 చట్టంతో ఈ జాబితా పద్ధతి గట్టిపడింది, యిప్పుడు నడుస్తున్నది 1990 చట్టం. అనుమతి లేకుండా కట్టడం రూపు మారిస్తే నేరం. రెండేళ్ల దాకా జైలు కూడా పడవచ్చు.

ఏ మాట కామాటే చెప్పుకోవాలి. జాబితా కెక్కిన యిళ్లలో నేటికీ వ్యవసాయం చేసుకునే కుటుంబాలున్నాయి. కిటికీ మార్చాలన్నా, కొట్టాన్ని పెద్ద ట్రాక్టరుకు సరిపడా విప్పాలన్నా కాగితం పెట్టుకుని ఎదురు చూడాలి. పాత పద్ధతి పనివాళ్లు దొరకడం కష్టం, ఖర్చూ ఎక్కువే. యిల్లు నిలవాలి, రైతూ నిలవాలి. ఈ రెంటి మధ్య పేచీ అక్కడా తెగలేదు.

మన యింటి సంగతి

మీ యిల్లు ఏ జాబితాలోనూ వుండకపోవచ్చు. అయినా తాతల నాటి మట్టి గోడో, సున్నపు గోడో వుంటే ఈ మూడు సంగతులు గుర్తుంచుకోండి. పాత గోడకు సిమెంటు పూత పూయకండి. లోపలి చెమ్మ బయటికి పోలేక గోడే తింటుంది, సున్నం అయితే చెమ్మను వదులుతుంది. ఏటా వానలకు ముందే చూరు, కప్పు చూసుకోండి. ఒక్క పెంకు జారితే వాసం కుళ్లుతుంది. కొత్త కొట్టం వేసేటప్పుడు నేల వాలు చూడండి, మేత ఎక్కడ దిగితే మోత తగ్గుతుందో ఆలోచించండి.

అన్నిటికీ ముందు మీ భూమి కాగితాలు సరిచూసుకోండి. ట్రౌట్‌బెక్ రైతులకు గోడ కన్నా ముందు హక్కే నిలిచింది.