ఎదురు నిలిచిన ‘విత్’ తోడై వచ్చింది

‘విత్ అంటే తో’ అని బడిలో నేర్చుకున్నాం. చాలావరకు అది నిజమే. అన్నతో వచ్చాను, కత్తితో కోశాను, శ్రద్ధతో చదివాడు, జ్వరంతో వణికిపోయాడు. ఈ అన్నిచోట్లా మన తో చేసే పని ఇంగ్లీషులో విత్ చేస్తుంది. చుట్టరికం లేని రెండు భాషలు తోడును, పనిముట్టును, తీరును, కారణాన్ని ఒకే చిన్న మాటకు అప్పగించాయంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అయితే ఆ రెండు మాటలూ అక్కడికి చేరిన దారులు వేరు.

మన తో పుట్టుక తేటగానే కనిపిస్తుంది. చిన్నయసూరి తృతీయా విభక్తికి చెప్పిన చేతన్, చేన్, తోడన్, తోన్‌లలో తోడన్ ఉంది కదా. తోడబుట్టినవాడు, తోడికోడలు, తోడుపెళ్ళికొడుకు అనే మాటల్లో ఉన్న తోడే అది. మనకు సహవాసం ముందు, మిగిలినవన్నీ ఆ తర్వాత.

విత్ కథ దీనికి తలకిందులు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఆ మాటకు ముఖ్యమైన అర్థం ‘ఎదురుగా, వ్యతిరేకంగా’. 871లో ఎథెల్రెడ్ రాజు, అతని తమ్ముడు ఆల్ఫ్రెడ్ డేన్ల మీద చేసిన యుద్ధాల గురించి ఆంగ్లో-సాక్సన్ క్రానికల్ చెప్పేటప్పుడు వాడింది ఈ మాటే. ఆనాటి వైద్య గ్రంథాల్లో తలనొప్పికి మందు చెప్పినా జబ్బు పేరు ముందు ఇదే ఉంటుంది, ఆ మందు జబ్బును ఎదిరిస్తుందని. తోడు అన్న అర్థానికి వాళ్ళకు మిడ్ అనే వేరే మాట ఉండేది. జర్మన్‌లో మిట్, డచ్‌లో మెట్ దాని చుట్టాలు.

మరి ఎదిరింపు తోడుగా ఎలా మారింది? పోరాడాలన్నా మాట్లాడాలన్నా ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఉండాలి. ఆ ఎదురెదురు నుంచి పక్కపక్కకు దూరం తక్కువే. ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియన్ల భాషలోనూ ఇలాంటి మాటే ఉంది, దానికి రెండు అర్థాలూ ఉన్నాయి. ఆ ప్రభావం కూడా ఈ మార్పుకు తోడ్పడిందని భాషాశాస్త్రవేత్తలు భావిస్తారు. 14వ శతాబ్దం ముగిసేసరికి విత్ రాజ్యమేలింది, మిడ్ దాదాపు కనుమరుగైంది. మిడ్‌వైఫ్‌లో మాత్రం మిగిలింది. అక్కడ మిడ్ అంటే మధ్య అనుకుంటారు చాలామంది. నిజానికి అది ఈ పాత మిడ్డే. కాన్పు వేళ తల్లి పక్కన ఉండే స్త్రీ అని ఆ మాటకు అర్థం.

పాత ఎదిరింపు పూర్తిగా పోలేదు. విత్‌స్టాండ్ అంటే ఎదిరించి నిలవడం, విత్‌హోల్డ్ అంటే ఇవ్వకుండా అట్టే పెట్టుకోవడం. ఫైట్ విత్ అన్నప్పుడైతే రెండు అర్థాలూ ఒకే గూట్లో ఉంటాయి. 1815లో వాటర్లూ దగ్గర బ్రిటిష్ సైన్యం ఫ్రెంచివారి ‘విత్’ పోరాడింది, వాళ్ళకు ఎదురు నిలిచి. 1916లో సోమ్ దగ్గరా ఫ్రెంచివారి ‘విత్’ పోరాడింది, ఈసారి వాళ్ళ పక్కన నిలిచి. చరిత్ర తెలిస్తేనే వాక్యం తెలుస్తుంది. మన తో కూడా తోడు నుంచి బయలుదేరి కొట్లాటను చేరుకుంది. ‘వాడితో గొడవ పడ్డాను’, ‘నాతో పెట్టుకోకు’ అంటాం కదా.

వితౌట్ సంగతి ఒక్క ముక్కలో. దానికి మొదట బయట అనే అర్థం ఉండేది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో సమాధి బయట నిలబడి ఏడ్చిన మరియ గురించి చదివేటప్పుడు ఈ సంగతి తెలియకపోతే తికమకే.

విదేశంలో స్థిరపడ్డ మనకు ఎక్కువ పనికొచ్చేది విత్, తో విడిపోయే చోటు. మనకు కోపం మనిషి ‘మీద’ వస్తుంది, అందుకే ‘యాంగ్రీ ఆన్ మీ’ అనేస్తాం. ఇంగ్లీషు కోపం మనిషి ‘విత్’ వస్తుంది, పాత ఎదిరింపు అక్కడ తొంగిచూస్తున్నట్టే అనిపిస్తుంది నాకు. పెళ్ళి మనకు ఒకరి‘తో’ జరుగుతుంది, వాళ్ళకు మారీడ్ ‘టు’. ‘విత్ ఆల్ హిజ్ ఫాల్ట్స్’ అన్నప్పుడు మన తో ఊరుకుంటుంది, ‘ఎన్ని లోపాలున్నా’ అనాల్సిందే. విడిపోయాయనుకున్న చోట మళ్ళీ కలవడమూ ఉంది. ‘కొడుకు డాలస్‌లో, కూతురు సిడ్నీలో ఉండటంతో ఆమె ఒంటరిదైంది’ అనే వాక్యం చూడండి. పరిస్థితి మొత్తాన్ని ఆ చివరి తో ఎత్తి చూపిస్తుంది. ఇంగ్లీషువాడు ఇదే వాక్యాన్ని విత్‌తో మొదలుపెడతాడు. మనది చివర, వాళ్ళది మొదట, పని మాత్రం ఒకటే.

షికాగో, మినియాపొలిస్ వైపు ఉండేవాళ్ళు ‘కెన్ ఐ కమ్ విత్?’ అనడం వినే ఉంటారు. ఎవరితో అన్న మాట ఉండదు, విత్ దగ్గర వాక్యం ఆగిపోతుంది. జర్మన్, స్కాండినేవియన్ వలసదారుల భాషల నీడ అదని చెబుతారు. తాతల భాష వాడుక తగ్గినా దాని తీరు మనవల ఇంగ్లీషులో నిలిచిందన్నమాట.

మన ఇళ్ళలో ఇప్పుడు దీనికి ఎదురు దిశలో జరుగుతోంది. ఇంగ్లీషులో ఆలోచించే పిల్లలు ‘తాళాలు అమ్మతో ఉన్నాయి’, ‘నాకు నీతో కోపం’ అంటారు. తప్పని కసరకుండా ‘అమ్మ దగ్గర ఉన్నాయి’, ‘నీ మీద కోపం’ అని మనం తిరిగి చెబితే చాలు, పిల్లల చెవి వాటిని పట్టుకుంటుంది. కాస్త పెద్ద పిల్లలైతే విత్‌కు ఒకప్పుడు ఎదిరించడమనే అర్థం ఉండేదని కూడా చెప్పండి. వాటర్లూ, సోమ్ కథ వాళ్ళకు బాగా నచ్చుతుంది.