కడలి సెలవిచ్చే వేళ

నరారా వెళ్లాలనుకునేవాళ్లు రైళ్ల టైంటేబుల్ కన్నా ముందు పంచాంగం తిరగేయాలి. గుజరాత్‌లోని జామ్‌నగర్ నుంచి సుమారు 60 కిలోమీటర్లు, వాడినార్ పక్కన ఉందీ తీరం. ఏ పూటైనా చేరుకోవచ్చు. కానీ చూడాల్సిందంతా నీటి అడుగున ఉంటుంది. ఆ నీరు పక్కకు తప్పుకునేది రోజుకు రెండుసార్లే.

ఆటుపోట్లు అనే మాటను జీవితాలకీ షేర్ మార్కెట్‌కీ వాడి వాడి అరగదీశాం. దాని అసలు బలం చూడాలంటే నరారా ఉన్న కచ్ సింధుశాఖకు రావాలి. లోపలికి పోయేకొద్దీ గరాటులా ఇరుకయ్యే ఈ పాయలోకి అరేబియా సముద్రం తోసుకొస్తే నీటికి పక్కదారి ఉండదు, పైకి లేస్తుంది. మన కోస్తాలో పోటుకీ ఆటుకీ తేడా మనిషి ఎత్తు దాటడం అరుదు. ఇక్కడ సింధుశాఖ లోపలి కొసన అది రెండంతస్తుల మేడంత. అమావాస్యకీ పౌర్ణమికీ నీరు బాగా వెనక్కి పోతుంది. అష్టమినాడు వెళితే సగం నిరాశే. పైగా ఆటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్నటివాళ్లు చెప్పిన టైము ఇవాళ పనికిరాదు.

1980లో అభయారణ్యంగా, 1982లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ ప్రాంతం దేశంలోనే మొదటి సముద్ర జాతీయ పార్కు. ఇందులో 42 దీవులున్నాయి. పిరోటన్ దీవికి పేరెక్కువ, కానీ పడవ కావాలి. నరారాకి పాత కాన్వాస్ బూట్లు చాలు. పగడాల కోసం అండమాన్‌లో మాస్కు తగిలించుకుని నీళ్లలోకి దిగాలి. ఇక్కడ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, అటవీశాఖ అనుమతి చేతబట్టుకుని, గైడ్ వెనకాల నడిస్తే సరి.

మొదట మడచెట్లు. కోరంగిలో చెక్క వంతెన మీద నడిచినవాళ్లకి బురదలోంచి పెన్సిళ్లలా పొడుచుకొచ్చే ఆ ఊపిరివేళ్లు కొత్త కావు. ఈ ఆకు కోసం ఈదుకుంటూ వెళ్లే ఒంటెలు మాత్రం మనకి కొత్తే. ఖారాయి జాతివి. 2015లో ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. ఎడారి జంతువు మెడ పైకెత్తి ఉప్పునీళ్లలో ఈదుతుంటే కళ్లు నులుముకోవాల్సిందే.

బురద దాటాక నేల గరుకవుతుంది. అక్కణ్నుంచి అడుగు తీసి అడుగు వేయడమే పని. చీలమండల లోతు నీళ్లలో సముద్ర దోసకాయ, పువ్వులా విచ్చుకున్న ఎనిమోన్, రాయికి అంటుకున్న పెళుసుచేతుల నక్షత్రం. గైడ్ ఒక గుంట దగ్గర ఆగి వేలు చూపిస్తాడు. రాయి తప్ప ఏమీ కనబడదు. కాసేపటికి ఆ రాయి ఊపిరి తీస్తుంది, రంగు మారుతుంది, జారిపోతుంది. ఆక్టోపస్! మూడు గుండెలు, నీలి రక్తం. మనం దాన్ని చూడకముందే అది మనల్ని చూసేసి ఉంటుంది.

పఫర్ చేపని చేతిలోకి తీసుకుని బంతిలా ఉబ్బించి ఫొటోలు తీయించే అలవాటు కొందరికి ఉంది. ఆ ఉబ్బడం వినోదం కాదు, ప్రాణభయం. ఎవరైనా మీ కోసం పట్టబోతే వద్దనండి. అసలు మన నడకే ఈ పగడాలకి పెద్ద పరీక్ష. ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ ఒక్క మడమ కింద విరిగిపోతుంది.

టీవీలో చూపించే రంగుల తోట కోసం వచ్చేవాళ్లకి ఈ పగడాలు వెలిసిపోయినట్టే అనిపిస్తాయి. కలకనీళ్లు, ఎక్కువ ఉప్పు, గంటల తరబడి ఎండ, వీటన్నిటికీ ఓర్చుకున్న మొండిఘటాలు ఇవి. నాకైతే అందుకే నచ్చాయి. కొమ్ముల్లాంటి శాఖలుండే అక్రోపోరా జాతి ఇక్కడ ఎప్పుడో అంతరించింది. దాన్ని తిరిగి నాటడానికి 2020లో మిఠాపూర్ దగ్గర జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ ఒక ప్రయత్నం మొదలుపెట్టాయి. నీటిలో ఇనుప చట్రం దింపి సౌరపలక నుంచి సన్నగా కరెంటు పంపితే దానిమీద సున్నం పేరుకుంటుంది. ఆ సున్నమే పగడపు ముక్కలకి పునాది.

తల ఎత్తితే దూరంగా చమురు ట్యాంకర్లు. వాడినార్ రేవుకి ముడిచమురు తెచ్చే ఓడలు ఈ పార్కు గుమ్మం ముందే లంగరు వేస్తాయి. ఫొటోలో అవి పడకుండా జనం పక్కకి జరుగుతుంటారు. జరగనక్కర్లేదు, అవీ ఈ ఊరి చిత్రంలో భాగమే. ట్యాంకర్లకీ మనకీ మధ్య నల్లరెక్కల తెల్లపిట్టలు, క్రాబ్ ప్లోవర్లు, పీతల కోసం బారులు తీరి ఉంటాయి. అరేబియా తీరాల్లో ఇసుకలో బొరియ తవ్వి గుడ్లు పెట్టే ఈ పక్షులకి ఇది చలికాలపు విడిది.

పోటు తిరిగేటప్పుడు అల కనబడదు. గుంటలు వాటంతటవే నిండుతుంటాయి. గైడ్ తలలు లెక్కపెట్టి తొందర చేస్తాడు. ఒడ్డున పిల్లలు జేబులోంచి ఖాళీ అనుకున్న ఒక శంఖం తీసి ఇసుకమీద పెడతారు. నిమిషం తర్వాత అందులోంచి ఎర్రటి కాళ్లు బయటికొస్తాయి, శంఖం నీళ్లవైపు నడవడం మొదలుపెడుతుంది.