చెట్టునీడలో మొక్క బతుకుతుందా?



"చెట్టు కింద ఏ మొక్కా పెరగదు" అని చాలామంది అంటూంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఒకసారి నాటితే ఏటేటా మళ్లీ చిగురించే మొక్కలను బహువార్షికాలు అంటారని మనం చదువుకున్నాం. వాటిలో పసుపు, అల్లం, మామిడల్లం, కంద కొంత నీడలో కూడా చక్కగా పెరుగుతాయి. మన వినగడప, తిరువూరు వైపు మామిడితోటలు ఎక్కువ. నీడకు కొదవలేదు. కాబట్టి ఈ సంగతి మనకు అక్కరకు వస్తుంది.

1. నీడను చూడాలి: మిట్టమధ్యాహ్నం చెట్టు కింద నేలను చూడండి. ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంటే అది పలచని నీడ. అక్కడ ఇవి వస్తాయి. ఎండ చుక్క కూడా పడకపోతే చిక్కని నీడ. అప్పుడు మొదలు దగ్గర కాకుండా కొమ్మల చివర్ల కింద నాటుకోవాలి.

2. నీరు: నీడలో మొక్క చావడానికి చాలాసార్లు కారణం చీకటి కాదు, దాహం. వానలో కొంత ఆకులమీదే ఆగిపోతుంది. కిందపడినదాన్ని చెట్టువేర్లు తాగేస్తాయి. అందుకని రాలిన ఆకులను తగలబెట్టకుండా మొక్కల చుట్టూ పరవాలి. తేమ నిలుస్తుంది, తర్వాత కుళ్లి ఎరువవుతుంది. అలాగని నీళ్లు నిలవ ఉండకూడదు, దుంప కుళ్లిపోతుంది. మట్టిని బోదెలుగా ఎత్తి నాటడం మంచిది.

3. చెట్టును కాపాడాలి: మొదలు నుంచి నాలుగడుగులైనా వదలాలి. మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తే బెరడు పాడవుతుంది. లోతుగా తవ్వితే వేర్లు తెగుతాయి.

4. నిద్రను గుర్తించాలి: ఇది అన్నిటికన్నా ముఖ్యం. సంక్రాంతి దాటేసరికి పసుపు, కంద ఆకులు పండి వాలిపోతాయి. చచ్చిపోయాయని కొందరు పీకి పారేస్తారు. అవి చావలేదు, నిద్రపోతున్నాయి! ఆకు తయారుచేసిన ఆహారమంతా దుంపలో దాగి ఉంటుంది. అప్పుడు నీళ్లు కూడా అక్కర్లేదు. తొలకరి పడగానే మళ్లీ మొలకెత్తుతాయి. పాడేరు ఏజెన్సీలో మన గిరిజన రైతులు పసుపును తవ్వకుండా రెండో ఏడాది దాకా భూమిలోనే ఉంచే అలవాటు ఉన్నది.

ఆ కొండల్లోనే కాఫీని కూడా సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెంచుతారు. ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారు. అలా నీడలో పండిన అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నీడ పనికిరానిదైతే ఆ పేరు వచ్చేదా?

కనుక వేసవి సెలవుల ముందు ఆవరణ శుభ్రం చేసేటప్పుడు దుంపలున్న చోట పార వేయకండి. చుట్టూ రాళ్లు పేర్చి గుర్తు పెట్టండి. వంటకు కావాలంటే కొన్ని దుంపలు తవ్వుకొని, కళ్లున్న ముక్కలను అక్కడే పూడ్చండి. వార్డెను గారు కూడా ఈ విషయం పనివాళ్లకు ఒక మాట చెప్పాలని మనవి. జూన్‌లో మనం తిరిగి వచ్చిన కొద్ది రోజులకే, వాన పడితే, అవి కూడా లేస్తాయి.