గ్రౌండ్ అద్దె ఎంత? ఎవరికి ఎంత?

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మన ఊళ్లలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. పిల్లలు బ్యాట్లు పట్టుకుని గ్రౌండ్‌కి బయల్దేరతారు. అదే గ్రౌండ్‌లో ఎగ్జిబిషన్ వాళ్లు జెయింట్ వీల్ బిగించడం మొదలుపెడతారు. ఆ నెలంతా ఎవరిది పైచేయో వేరే చెప్పక్కర్లేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఏ ఊరైనా కథ ఇంచుమించు ఇదే. ఎండాకాలంలో ఎగ్జిబిషన్, దీపావళికి పటాకుల దుకాణాలు, మధ్యలో మీటింగులు, ఫంక్షన్లు. అలాగని గ్రౌండ్ అద్దెకివ్వడమే తప్పు అనను. ఊరికి ఎగ్జిబిషనూ కావాలి, మీటింగూ కావాలి. కానీ అద్దె ఎంత, ఎవరు ఖరారు చేశారు, ఆ పైసలు ఎటు పోయాయి అని అడిగితే అక్కడున్న పదిమందిలో ఎంతమంది చెప్పగలరు? నేను చాలామందిని అడిగాను. వచ్చిన జవాబు ఒక్కటే: "ఏమో అన్నా, వాళ్లే చూసుకుంటారు."

ఆ 'వాళ్లు' ఎవరు? ముందు అది తేల్చుకుందాం.

ఒక ఊరు, నాలుగు తాళాలు

ఈ మూడు ఊళ్లూ ఒకప్పుడు ఒకే నల్లగొండ జిల్లా. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడింది. సూర్యాపేట, కోదాడ అటు వెళ్లాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. మూడింటికీ మున్సిపాలిటీలున్నాయి. సూర్యాపేటలో గాంధీ పార్కు, సద్దుల చెరువు కట్ట, కోదాడలో పెద్ద చెరువు, మిర్యాలగూడలో ఎన్‌ఎస్‌పీ క్యాంపు గ్రౌండ్... ఆ ఊళ్లవాళ్లకి ఇవి కొత్తగా పరిచయం చేయాల్సిన పేర్లు కావు.

చూసేవాళ్లకి అన్నీ 'సర్కారు జాగా'లే. కాగితాల్లో మాత్రం అలా కాదు. పార్కు మున్సిపాలిటీది. కాలేజీ గ్రౌండ్ విద్యాశాఖది. స్టేడియం క్రీడల శాఖ చూసుకుంటుంది. క్యాంపు స్థలాల వెనక నీటిపారుదల శాఖ చరిత్ర ఉంటుంది. ఎవరి తాళం వాళ్లది, ఎవరి రేటు వాళ్లది. ఒకచోట ప్రిన్సిపాల్ సంతకం చాలు, ఇంకోచోట కమిషనర్ ఆఫీసుకి వెళ్లాలి. ఇలాంటిచోట పరిచయం ఉన్నవాడికి రేటు తగ్గుతుంది. లేనివాడికి అసలు రేటే తెలీదు.

1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకి అప్పగించదగ్గ 18 పనుల జాబితా ఇచ్చింది. అందులో 12వది పార్కులు, తోటలు, ఆట స్థలాల లాంటి సదుపాయాలు కల్పించడం. చట్టం ప్రకారం ఫీజులు వసూలు చేసుకునే వీలు కూడా రాజ్యాంగంలోనే ఉంది. అంటే రేటు పెట్టే దారి ఉంది. ఏ పద్ధతిలో పెడుతున్నామన్నదే ప్రశ్న.

లైట్ల ఖర్చు నిజంగా ఎంత?

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. హైదరాబాద్‌లో గంటకింత అని కట్టి టర్ఫ్‌లో బాక్స్ క్రికెట్ ఆడే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ఇప్పుడా టర్ఫ్‌లు మన ఊళ్లకీ వచ్చేశాయి. అందుకే "సర్కారు గ్రౌండ్‌కి కూడా గంటకింత అని పెడితే ఏం పోయింది?" అనే మాట తరచూ వినిపిస్తోంది. సరే, ఒక లెక్క వేద్దాం.

ఒక చిన్న కోర్టుకి 400 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు ఎనిమిది పెట్టారనుకోండి. మొత్తం 3,200 వాట్లు. సాయంత్రం మూడు గంటలు వెలిగితే 9.6 యూనిట్లు. యూనిట్‌కి పది రూపాయలు వేసుకున్నా రోజుకి 96 రూపాయలు. మూడు గంటల్లో గంటకి పన్నెండు మంది చొప్పున 36 మంది ఆడితే, తలకి మూడు రూపాయలు కూడా పడదు!

వాచ్‌మన్ జీతం, నెట్లు, నీళ్లు, బాత్రూంలు కడిగే మనిషి... ఇవన్నీ కలిపితే ఖర్చు పెరుగుతుంది, ఒప్పుకుంటా. కానీ ప్రైవేటు టర్ఫ్ వాడు ఈ ఖర్చులతో పాటు స్థలం లీజు, బ్యాంకు వడ్డీ, లాభం కూడా రాబట్టుకోవాలి. మున్సిపాలిటీకి ఆ బరువులు లేవు. స్థలం ఊరిది. కాబట్టి ప్రైవేటు రేటు చూసి సర్కారు గ్రౌండ్ రేటు పెట్టడానికి కారణం లేదు. పిల్లల ఆటకైతే అసలే లేదు.

ఎగ్జిబిషన్ లెక్క వేరు

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఒక గ్రౌండ్‌ని 30 రోజులకి లక్ష రూపాయలకి ఇచ్చారనుకుందాం. ఇది ఏ ఊరి అంకె కాదు, ఉదాహరణ మాత్రమే. వినడానికి 'లక్ష' బాగానే ఉంది. కానీ అక్కడ రోజూ 60 మంది పిల్లలు రెండేసి గంటలు ఆడేవాళ్లయితే, నెలకి 3,600 ఆట గంటలు పోయినట్టు. లక్షని 3,600తో భాగిస్తే సుమారు 28 రూపాయలు. అంటే ఒక పిల్లాడి ఆట గంటని ఊరు 28 రూపాయలకి అమ్మేసింది. అదీ సెలవుల్లో, వాడికి గ్రౌండ్ ఎక్కువ అవసరమైనప్పుడు.

పోయిన ఆట గంటలు రసీదులో కనబడవు. లక్ష కనబడుతుంది. అందుకే అద్దె తక్కువ పెట్టినా ఎవరికీ తప్పనిపించదు. ఆట పోగొట్టుకున్నవాళ్లకి ఓటు లేదు, పదమూడేళ్లే మరి!

పైసలు కడితే గ్రౌండ్ మనదేనా?

2014లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన గొడవ ఇక్కడ చెప్పాలి. మిషన్ ప్లేగ్రౌండ్ అనే చోట స్థానిక కుర్రాళ్లు రోజూ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. బుకింగ్ గికింగ్ ఏమీ ఉండదు, వచ్చినవాళ్లు వంతులవారీగా ఆడతారు. ఒక సాయంత్రం డ్రాప్‌బాక్స్, ఎయిర్‌బీఎన్‌బీ ఉద్యోగులు కొందరు అక్కడికి వచ్చారు. గంటకి 27 డాలర్లు కట్టి తీసుకున్న పర్మిట్ కాగితం చూపించి, "ఇది మా టైం, మీరు జరగండి" అన్నారు. ఆ వీడియో ఊరంతా తిరిగింది. జనం తిరగబడ్డాక, పార్కుల విభాగం ఆ గ్రౌండ్‌లో పెద్దవాళ్ల బుకింగులు ఆపేసింది.

వాళ్లు నాలాంటివాళ్లే. రూల్ ప్రకారమే పైసలు కట్టారు. తప్పు రూల్‌లో ఉంది. ఎక్కువమంది ఆడుకునే వేళని, కట్టగలిగినవాడికి రాసిచ్చే రూల్ అది.

దగ్గరి సంగతి చెన్నైది. 2024 అక్టోబరులో అక్కడి కార్పొరేషన్ తన కృత్రిమ గడ్డి ఫుట్‌బాల్ మైదానాల్ని ప్రైవేటుకి అప్పగించి, ఆడేవాళ్ల నుంచి గంటకి 120 రూపాయలు తీసుకోవాలని తీర్మానించింది. పేదపిల్లలు ఎక్కడికి పోవాలని విమర్శలు రావడంతో వెంటనే వెనక్కి తగ్గింది.

ఇంగ్లండ్‌లో కథ ఇంకోలా ముగిసింది. బ్రిస్టల్ దగ్గర లిటిల్ స్టోక్ పార్కులో ప్రతి శనివారం జనం ఉచితంగా 5 కిలోమీటర్లు పరుగెత్తే 'పార్క్‌రన్' జరిగేది. దారి అరిగిపోతోంది, ఖర్చులో కొంత మీరూ భరించాలి అని 2016లో స్థానిక కౌన్సిల్ ఫీజుకి ఓటేసింది. నిర్వాహకులు కట్టలేదు. అక్కడ పరుగు ఆగిపోయింది. కౌన్సిల్‌కి ఫీజూ రాలేదు, జనానికి పరుగూ మిగల్లేదు. మన చెరువు కట్టల మీద నడిచేవాళ్లకి టికెట్ పెడదామనే ఆలోచన ఎవరికైనా వస్తే ఇది గుర్తుచేయండి.

అద్దె అంటే పైసలొక్కటే కాదు

2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలవుతున్న వేళ, ప్రేక్షకుల కోసం కట్టిన తాత్కాలిక గ్యాలరీ కూలిపోయింది. వందమందికి పైగా గాయపడ్డారు. దేశమంతా టీవీల్లో చూసిన ఆ దృశ్యం మన ఊరిది.

గ్రౌండ్ ఇవ్వడమంటే తాళం ఇచ్చేసి పక్కకి తప్పుకోవడం కాదని అప్పుడే అర్థం కావాలి. గ్యాలరీ కట్టినా, జెయింట్ వీల్ పెట్టినా, వేదిక వేసినా ఇంజినీర్ తనిఖీ చేసి సంతకం పెట్టాలి. ఆ తనిఖీ ఖర్చు అద్దెలోనే ఉండాలి. జనానికి ఇన్సూరెన్స్, అంబులెన్స్ దారి, ఫైర్ పర్మిషన్ ఇవన్నీ అగ్రిమెంట్‌లో రాసుకోవాలి.

తర్వాత డిపాజిట్. టెంటు గుంజలు పీకాక మిగిలే గుంతలు, మేకులు, గాజు పెంకులు, లారీ చక్రాల గాళ్లు... వీటిమీదే మర్నాడు పిల్లలు ఉత్తకాళ్లతో పరుగెడతారు. గ్రౌండ్ ఇచ్చే ముందు ఫోటోలు తీయాలి, తిరిగి తీసుకునేటప్పుడు మళ్లీ తీయాలి. తేడా ఉంటే డిపాజిట్‌లోంచి కోసుకోవాలి. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనర్ గోడకి కొట్టిన మేకులు కూడా లెక్కపెడతాడు కదా. ఊరు మాత్రం ఎందుకు వదిలేయాలి?

నా రేటు కార్డు ఇదీ

ఉచితమా, పెయిడా అని రెండే పెట్టెలు పెట్టుకుంటే గొడవ తెగదు. నేనైతే ఒకే ప్రశ్న అడుగుతాను: మీరు వాడుకుంటే మిగతావాళ్లు బయట ఉండాలా? ఉండాల్సినంత మేరకు కట్టండి. దాని ప్రకారం నాలుగు మెట్లు.

మొదటిది: రోజువారీ నడక, ఆట, కూర్చోవడం. సున్నా రూపాయలు. పిల్లలకి, ముసలివాళ్లకి, బుకింగ్ లేకుండా వచ్చినవాళ్లకి ఇదే. సాయంత్రం 5 నుంచి 7 దాకా దీనికే మొదటి హక్కు.

రెండోది: స్కూళ్లు, కాలేజీలు, స్థానిక జట్ల టోర్నమెంట్లు. కరెంటు, శుభ్రం చేసే ఖర్చు మాత్రం కట్టాలి. లాభం తీసుకోకూడదు.

మూడోది: పెళ్లిళ్లు, ఫంక్షన్లు, సంఘాల సభలు, రాజకీయ మీటింగులు. ఖర్చు, అద్దె, డిపాజిట్ మూడూ ఉండాలి. ఏ పార్టీకైనా ఒకటే రేటు, అధికారంలో ఉన్నా లేకున్నా.

నాలుగోది: ఎగ్జిబిషన్లు, సేల్స్, టికెట్ పెట్టే ఈవెంట్లు. వీటికి ఊళ్లోని ప్రైవేటు స్థలాల రేటు చూసి, బహిరంగంగా వేలం పెట్టాలి. తైబజారుకి వేలం పెట్టే ఊళ్లకి ఇది కొత్త విద్యేం కాదు.

వీటితో పాటు ఒక హద్దు కావాలి. ఏ గ్రౌండైనా ఏడాదికి ఇన్ని రోజులకి మించి మూసేయకూడదని ముందే రాసుకోవాలి. ఎంత రేటొచ్చినా ఆ హద్దు దాటొద్దు. లేకపోతే ఎక్కువ పాడినవాడికి ఏడాదంతా పోతుంది.

"ఇంత పెడితే ఎగ్జిబిషన్ వాళ్లు రారు" అంటారు కొందరు. నిజమే, కొందరు రాకపోవచ్చు. చిన్న వ్యాపారులు బతికేది కూడా అక్కడే. అందుకే స్టాల్ పెట్టుకునే స్థానికులకి, మహిళా సంఘాలకి తగ్గింపు ఇవ్వొచ్చు. అయితే ఆ తగ్గింపు కూడా కాగితం మీదే ఉండాలి, ఫోన్‌లో కాదు.

వచ్చిన పైసలు ఎటు?

1954లో శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు పన్నుకీ ఫీజుకీ తేడా చెప్పింది. పన్ను ఉమ్మడి ఖజానాకి పోతుంది. ఫీజు అనేది ఇచ్చిన సేవకి బదులుగా తీసుకునేది. ఆ స్ఫూర్తితో చూస్తే, గ్రౌండ్ మీద వచ్చిన రూపాయి ముందు గ్రౌండ్‌కే తిరిగి రావాలి. లైట్లకి, నీళ్లకి, ఆడపిల్లలకి తలుపు పడే బాత్రూంకి. ఈ చివరిది లేకే చాలామంది అమ్మాయిలు గ్రౌండ్‌కి రావడం మానేస్తారు. అక్కడ ఎంట్రీ ఫ్రీ అయినా వాళ్లకి ఒరిగేదేం లేదు.

ఇంకో తీర్పు కూడా తెలుసుకోవాలి. బెంగళూరులో పార్కుకని ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే, చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్లవైపే నిలబడింది. పార్కు జనం కోసం ఉంచిన స్థలం, దాన్ని అధికారులు ఇష్టమొచ్చినట్టు ఇచ్చేయడానికి లేదు. గెలిచింది మామూలు కాలనీవాళ్లు.

మీ చేతిలో ఏముంది?

మీ ఊరి గ్రౌండ్ గురించి సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీకి ఒక దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. నాలుగే ప్రశ్నలు అడగండి: గ్రౌండ్ అద్దె రేటు ఎంత, ఏ తీర్మానంతో పెట్టారు? పోయిన మూడేళ్లలో ఎవరికి, ఎన్ని రోజులు ఇచ్చారు? ఎంత వచ్చింది? అందులో గ్రౌండ్ మీద ఎంత ఖర్చుపెట్టారు? కాలేజీ గ్రౌండైతే అదే దరఖాస్తు కాలేజీకి.

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు ఉండాలి. అందులో ఒకటి యువతది, 15 మందితో. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. లేకపోతే ఎందుకు లేదో అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉండనే ఉంది.

అడగాల్సింది పెద్దదేం కాదు. గేటు పక్కన ఒక బోర్డు. రేటు ఎంత, ఈ నెల ఎవరికి ఇచ్చారు, ఎంత వచ్చింది, దేనికి వాడారు. నాలుగు లైన్లు చాలు. సినిమా హాల్ దగ్గర టికెట్ రేటు బోర్డు మీద ఉంటుంది, బస్టాండ్‌లో ఛార్జీ ఎంతో చెబుతారు. ఊరంతటిదీ అయిన గ్రౌండ్ రేటు మాత్రం ఎవరో ఒకరి ఫోన్‌లో ఉంటే ఎలా?