నడకకు తగిన పాదరక్షలు

ఎద్దును కొనునప్పుడు మనము దాని పండ్లు చూతుము. నాలుగడుగులు నడిపించి చూతుము. చీర కొనునప్పుడు అంచును, కొంగును విప్పించి వెలుతురులో పరికింతుము. రేడియో కొనునప్పుడు దుకాణములోనే పాడించి విందుము. కాని దినమెల్ల మన బరువును మోయవలసిన చెప్పులను మాత్రము నిలువుకాళ్ళ మీద ఐదు నిమిషములలో బేరమాడి తెచ్చుకొందుము. అవి మడమను ఒరసి పొక్కులు లేపినప్పుడు, “కొత్త చెప్పులు కరవక మానునా?” అని మనకు మనమే సమాధానము చెప్పుకొందుము. నిజమునకు చెప్పులు కరవవలసిన పని లేదు. అవి కొత్తవగుటచే కాదు, మన కాలికి సరిపడకపోవుటచే కరచుచున్నవి. సరిపడు జతను ఎట్లు ఎన్నుకొనవలెనో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములను ఉదాహరణముగా గైకొందము. 2016 అక్టోబరు వరకు ఈ మూడును కరీంనగరు జిల్లాలోనివే. నేడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నవి. పనులు వేరైనను మూడు ఊళ్ళలోను కాళ్ళకు విశ్రాంతి తక్కువ. సిరిసిల్లలో మరమగ్గముల కార్మికుడు గట్టి నేలపై పూటల తరబడి నిలిచి, ఈ మగ్గము నుండి ఆ మగ్గమునకు తిరుగుచుండును. కోరుట్లలో బీడీలు చుట్టు స్త్రీలు చేటను ఒడిలో ఉంచుకొని గంటల కొలది కాళ్ళు ముడుచుకొని కూర్చుందురు; పిమ్మట తిమ్మిరెక్కిన కాళ్ళతోనే బీడీలను అప్పగించుటకు నడచి పోవుదురు. జగిత్యాల పరిసరముల రైతు వట్టి కాళ్ళతో వరి మడిలో దిగును. చెప్పులు తొడిగి మార్కెటుకు వచ్చును. వేసవిలో ఈ ప్రాంతమున ఎండ 45 డిగ్రీలను తాకు దినములు కలవు. ఆ దినములలో తారు రోడ్డు అంతకంటెను మిక్కిలి కాలుచుండును. ఇందరికిని ఒకే విధమైన చెప్పు ఎట్లు సరిపడును?

పూర్వము మన పల్లెలలో ఈ చిక్కు ఇంతగా లేదు. ఊరి చర్మకారుడు తంగేడు చెక్కతో, కరక్కాయతో లందలో తోలును పదును చేసి, ఆరె, రంపె పట్టి, మనిషిని ఎదుట నిలిపి కాలు చూచి చెప్పు కుట్టెడివాడు. ఎవరి వేలు ఎటు వంగినదో, ఎవరి మడమ వెడల్పో అతనికి తెలియును. కిర్రు చెప్పులు బరువైనవే కాని అవి ఆ ఒక్క కాలి కొరకే పుట్టినవి. 1930ల దశకమున కలకత్తా చెంత బాటానగరము వెలసినది. యంత్రములపై తయారగు చెప్పులు క్రమముగా ఊరూరికిని వ్యాపించినవి. అవి చవుక, చూపునకు ఇంపు. కాని యంత్రమునకు మన కాలు తెలియదు. దానికి తెలిసినది కొయ్యతోనో, ప్లాస్టిక్కుతోనో చేసిన ఒక అచ్చు మాత్రమే. ఆ అచ్చునకు దగ్గరగా ఉన్న కాలు సుఖపడును. దూరముగా ఉన్నది బాధపడును. కాలు చూచి కుట్టువాడు లేనప్పుడు, కాలు చూచి కొనుట మన వంతు అగుచున్నది.

పెట్టెపై ఉండు అంకె సంగతి ముందు తెలిసికొనవలెను. మన దేశమున వాడుకలో ఉన్నది ఇంగ్లీషు కొలత. పూర్వము ఆంగ్లేయులు మూడు బార్లీ గింజలను పొడవుగా పేర్చి ఒక అంగుళమనిరి. చెప్పు కొలతలో ఒక అంకెకును తరువాతి అంకెకును భేదము అట్టి ఒక గింజ పొడవు, అనగా అంగుళములో మూడవ వంతు, సుమారు 8.5 మిల్లీమీటర్లు. మన ప్రాచీనులును యవగింజనే కొలతకు వాడిరి. వారి లెక్కలో ఎనిమిది యవలు ఒక అంగుళము. ఐరోపా కొలతలో అంకెకును అంకెకును భేదము సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. అమెరికా వారిది మరియొక లెక్క. కావున పురుషుల చెప్పు మన దుకాణములో 7 అయినచో, అదియే అమెరికా లెక్కలో సుమారు 8, ఐరోపా లెక్కలో సుమారు 41 అగును. పెట్టెపై ఏ దేశపు అంకె ఉన్నదో చూడక “నాది ఏడు” అని అడుగువాడు తరచు మోసపోవును.

ఈ అంకెలన్నియు పొడవునే తెలుపును, వెడల్పును తెలుపవు. మన వారి చిక్కు ఎక్కువగా వెడల్పుతోనే. చెన్నైలోని కేంద్రీయ చర్మ పరిశోధనా సంస్థ వారు 2021 డిసెంబరు నుండి 2022 మార్చి వరకు దేశములో 79 చోట్ల సుమారు లక్ష మంది పాదములను యంత్రములతో కొలిపించిరి. భారతీయుల పాదములు ఐరోపా, అమెరికా వారి పాదముల కంటె సాధారణముగా వెడల్పైనవని తేలినది. ఆ ఫలితములను బట్టి “భా” అను పేర భారతీయ పాదములకు తగిన కొత్త కొలతల పద్ధతిని రూపొందించినట్లు 2024లో వెల్లడియైనది. ఇరుకైన చెప్పులో మన వేళ్ళు ఎందుకు ఒత్తుకొనునో దీనినిబట్టి బోధపడుచున్నది. వెడల్పు చాలనప్పుడు చాలమంది ఒక అంకె పెద్దది తీసికొందురు. అప్పుడు వేళ్ళకు చోటు దొరకును గాని మడమ జారును. ఒక బాధ పోయి మరియొకటి వచ్చును. అట్టి వారు పొడవు పెంచక, ముందు భాగము వెడల్పుగా ఉండు రకమునో, పట్టీని వదులు చేసికొను వీలున్న రకమునో వెదకవలెను.

ఇక కొలత సంగతి. దీనికి దుకాణమునకు పోవలసిన పని లేదు. సాయంకాలము ఇంటిలోనే ఒక మందపు కాగితమును నేలపై పరచి, దానిపై పూర్తి బరువుతో నిలువుడు. మరియొకరిచే పెన్సిలును నిటారుగా పట్టించి పాదము చుట్టును గీత గీయించుడు. రెండు కాళ్ళకును గీయింపవలెను. ఏలయన చాలమందికి ఒక పాదము రెండవదానికంటె కొంచెము పెద్దది. పెద్ద పాదమునకే చెప్పు కొనవలెను. సాయంకాలమే ఏల యన, పగలెల్ల నిలిచి తిరిగిన పాదము సాయంత్రమునకు కొంత ఉబ్బును. మేము ఒకమారు ఉదయమే ఒక పట్టణమున బూట్లు కొంటిమి. దుకాణములో అవి పువ్వులవలె ఉండెను. సాయంత్రము బస్సు దిగునప్పటికి వానిని చేత పట్టుకొని ఇల్లు చేరితిమి. తప్పు అమ్మినవానిది కాదు. వేళ తప్పు మాది.

ఆ కాగితమును గీత వెంబడి కత్తిరించి జేబులో వేసికొని దుకాణమునకు పోవుడు. నచ్చిన చెప్పులో దానిని పరచి చూడుడు. అంచులు ముడుతపడినచో ఆ చెప్పు మీది కాదు. సరిపడినచో తొడిగి నిలువుడు. మిక్కిలి పొడవైన వేలికి ముందు బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ ఉండవలెను. మిక్కిలి పొడవైనది ఎల్లప్పుడు బొటనవ్రేలే కానక్కరలేదు. కొందరికి దాని ప్రక్కది పొడవు. పిమ్మట బూటును చేతబట్టి ముందునుండి వంచుడు. వ్రేళ్ళ మూలము వద్ద వంగవలెను గాని నడుమ వంగరాదు. రెండు చేతులతో తడిబట్టను పిండినట్లు మెలిపెట్టుడు. సులభముగా మెలిపడునది దూరపు నడకకు పనికిరాదు. మడమ వెనుకటి గోడను నొక్కుడు, గట్టిగా నిలువవలెను. లోపల వేళ్ళు పెట్టి తడుముడు. కుట్టు మొనలు తగిలినచో అవియే రేపటి పుండ్లు. తుదకు రెండు కాళ్ళకును తొడిగి, తివాచీపై కాక గట్టి నేలపై అటునిటు నడువుడు. “వాడగా వాడగా వదులగును” అను మాటను నమ్మకుడు. తోలు కొంచెము సాగును గాని, రెక్సినును ప్లాస్టిక్కును అట్లు సాగవు.

అడుగు భాగము, అనగా సోలు, మూడు నాలుగు రకములు. రబ్బరుది బరువు, కాని తడి నేలపై పట్టు మంచిది, చాలకాలము మన్నును. ఇ.వి.ఎ. అను నురుగు సోలు మిక్కిలి తేలిక, మెత్తన. కాని కొన్ని నెలల నడకకు అణగిపోయి మెత్తదనము కోల్పోవును. పి.యు. సోలు రెంటికిని నడిమిది. అయితే ఏండ్ల తరబడి వాడక దాచినచో గాలిలోని తేమకు పొడియై రాలిపోవును. పెండ్లికని కొని పెట్టెలో దాచిన బూటు ఒకనాడు దారిలోనే ఊడిపోవుటకు కారణమిదే. అణగిన సోలు పైకి కొత్తదిగానే కనబడవచ్చును. బల్లపై పెట్టి వెనుకనుండి చూడుడు. ఒక ప్రక్కకు వాలియున్నచో దాని పని తీరినది.

హవాయి చెప్పుల మాట చెప్పవలెను. స్నానపు గదికిని, వాకిటికిని అవి చాలును. దూరపు నడకకు చాలవు. ఏలయన అవి జారిపోకుండ వేళ్ళు ప్రతి అడుగునకును వానిని పట్టుకొనుచుండవలెను. ఆ శ్రమ పిక్కలకును, అరికాలికిని చేరును. చీర కట్టు స్త్రీలకు బూట్లు ఒప్పవని కొందరందురు. వెనుక పట్టీ గల మెత్తని సాండలు చీరకును ఒప్పును, కాలికిని ఒప్పును. మగ్గముల వద్ద నిలుచువారికి మందమైన మెత్తని అడుగును, మడమకు ఆధారమును గల పాదరక్షలు మేలు. వారు కొలత ఇచ్చుట పని దిగిన తరువాతనే కావలెను.

పిల్లలకు రెండేండ్లు వచ్చునని రెండంకెలు పెద్ద బూట్లు కొనుట మన ఇండ్లలో వాడుక. అది పొదుపు కాదు. జారు బూటులో బిడ్డ వేళ్ళు ముడిచి నడక చెడును. బొటనవ్రేలి వెడల్పు ఖాళీతో కొని, మూడు నెలలకొకసారి నొక్కి చూచుట మంచిది. పైన చెప్పిన పరిశోధనలోనే బాలికల పాదము 11వ ఏట, బాలుర పాదము 15, 16 ఏండ్ల వయసున ముఖ్యమైన ఎదుగుదల పొందునని తెలిసినది. ఆ వయసున బూటు ఇరుకైనదని బిడ్డ చెప్పినచో సాకు అనుకొనరాదు.

ఇంతవరకు చెప్పినది సుఖమును గూర్చి. ఇక చెప్పబోవునది కాలిని నిలుపుకొనుటను గూర్చి. మధుమేహము చిరకాలముగా ఉన్నవారిలో కొందరికి పాదములలో స్పర్శ తగ్గును. నొప్పి తెలియనందున చెప్పు ఒరసినను, ముల్లు గ్రుచ్చినను గమనింపరు. చిన్న పుండు ముదిరి తుదకు వేలునో పాదమునో తీసివేయవలసిన గతి పట్టవచ్చును. నొప్పి మనకు శత్రువు కాదు, కావలివాడు. ఈ సత్యమును లోకమునకు చాటినవారిలో ముఖ్యుడు డాక్టరు పాల్ బ్రాండ్. ఆయన 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠురోగులకు సేవ చేసిరి. వారి వేళ్ళు రోగముచే కుళ్ళిపోవుట లేదని, స్పర్శ లేనందున తగులు దెబ్బలచే నశించుచున్నవని ఆయన గ్రహించిరి. స్పర్శ లేని పాదముల కొరకు సూక్ష్మరంధ్రముల మెత్తని రబ్బరు పరచిన చెప్పులు వాడుకలోనికి వచ్చినవి. నేడు ఎం.సి.ఆర్. చెప్పులను పేర మధుమేహ రోగులును వానిని ధరించుచున్నారు.

స్పర్శ తగ్గినవారు బిగుతైన చెప్పునే “సరిగా ఉన్నది” అనుకొందురు. వదులైనది వారికి తొడిగినట్లే తోచదు. వారికి కాగితపు కొలతయే నమ్మదగిన సాక్షి. వారు వేళ్ళ నడుమ పట్టీ గల చెప్పులు మానవలెను. ఇంటిలోనైనను వట్టి కాళ్ళతో నడువరాదు. తొడుగుటకు ముందు చెప్పును తలక్రిందులు చేసి దులిపి, లోపల చేయి పెట్టి చూడవలెను. కొత్త జతను మొదట అరగంట తొడిగి, విప్పి, ఎఱ్ఱని మచ్చలు ఉన్నవేమో చూడవలెను. రాత్రి పడుకొనుటకు ముందు అరికాళ్ళను అద్దములో చూచుకొనుటయో, ఇంటివారికి చూపుటయో నిత్యకృత్యము కావలెను.

కొండగట్టు అంజన్న దీక్ష పట్టి పాదరక్షలు విడిచి నడచు భక్తులు మన ప్రాంతమున వేలకొలది. వారి నియమమును మేము గౌరవింతుము. అయినను మధుమేహము గలవారు దీక్షకు ముందు వైద్యుని అడుగుట మంచిది. నడచువారు ఎండ ఎక్కకముందే తెల్లవారుజామున నడచి, తారు విడిచి మట్టి అంచును పట్టుట మేలు. పాదములు లేనిదే ప్రదక్షిణము లేదు గదా!

గల్ఫునకు పోవు తమ్ములు ఈ మూడు పట్టణములనుండి ఎందరో కలరు. ఇనుప ముక్కు గల రక్షణ బూట్లలో వేళ్ళకు చోటు చాలకున్నచో ఆ ఇనుము సాగదు. కావున పనిలో తొడుగు మందపు మేజోళ్ళతోనే కొలత చూచుకొనవలెను. ఎవరు కొన్నను ఐ.ఎస్.ఐ. గుర్తును చూడవలెను, 2024 ఆగస్టు 1 నుండి పాదరక్షల నాణ్యతకు కేంద్ర ప్రభుత్వపు ఉత్తర్వు అమలులోనికి వచ్చినది. రసీదు తప్పక అడుగుడు. మార్చి ఇచ్చెదరా, ఎన్ని దినములలో అని ముందే తెలిసికొనుడు. దుకాణదారు మాట తప్పినచో రసీదు చేతనుంచుకొని 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు చెప్పుకొనవచ్చును.

ఖరీదైనదే మంచిదని మేము చెప్పుట లేదు. కాలు ఒప్పుకొన్నదే మంచిది. నేటి సాయంకాలపు వార్తలు ముగిసిన పిమ్మట ఇంటిల్లిపాది పాదములను కాగితములపై గీయుడు. ఇంటిలోని చెప్పులలో ఆ కాగితములను ఒక్కొక్కటిగా పరచి చూడుడు. ఎవరి కాగితము ముడుతపడునో, వారి కాలు ఎంత కాలముగా ఓర్చుకొనుచున్నదో అప్పుడు తెలియును. ముందుగా ఇంటి పెద్దల కాగితము చూడుడు. వారు నొప్పి యని చెప్పుట అరుదు.