వార్తల్లో పదం: విసరల్ ఫ్యాట్

ఉదరకుహరమున కాలేయము, ప్రేవులు మొదలగు అవయవముల నావరించి సంచితమగు మేదస్సునకు విసరల్ ఫ్యాట్ అని పేరు. చర్మము క్రింద నుండి చేతి కందెడు కొవ్వుకంటె నిది ప్రమాదకరము. ఏలయన, దీనినుండి వెలువడు కొవ్వు ఆమ్లములు కాలేయమును జేరి, ఇన్సులిన్ ప్రభావమును కుంఠితమొనర్చి, మధుమేహ హృద్రోగములకు దారితీయుచున్నవి.

తూకము సక్రమముగా నున్నంతమాత్రమున నీ భయము లేదనరాదు. 2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ లాన్సెట్ పత్రికయందు తమ ఛాయాచిత్రమునే ప్రకటించి, ఇరువురి బి.ఎం.ఐ. (ఎత్తునుబట్టి తూకమును దెలుపు సూచిక) 22.3 గా సమానమైయున్నను, యుడ్కిన్ దేహమున మేదస్సు 9.1 శాతము కాగా యాజ్ఞిక్ దేహమున 21.2 శాతమని నిరూపించిరి. కావుననే భారతీయులకు తూకముతోపాటు నడుము కొలతయు ముఖ్యము: పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.

మఱి దీనిని తగ్గించుట యెట్లు? ఉదర వ్యాయామములు కండరమును దృఢపఱచునే గాని, అచ్చటి కొవ్వును మాత్రమే యేరి కరగింపజాలవు. ఇదివఱకే తగిన తూకముగలవారు కఠినోపవాసములు పూనినచో కొవ్వుతోపాటు కండయు క్షీణించును. వారమునకు 150 నిమిషములకు తక్కువగాకుండ వడిగా నడచుట, రెండు దినములు బరువులతో వ్యాయామము చేయుట, అన్నము కొంత తగ్గించి పప్పు, గ్రుడ్లు, పెరుగు, కూరలు హెచ్చించుట, తీపి పానీయములను మద్యమును విడుచుట, చాలినంత నిద్రించుట — ఇవియే ఆచరణీయములు. ఫలము మాసములమీద గాని కానరాదు. అయినను తూకము కదలకున్నను నడుము కొలత తగ్గెనేని, ఆ శ్రమ సార్థకమైనట్లే యెంచి కొనసాగింపవలెను.