ఆదివారపు ఆచార్యులు

హైదరాబాదు నగరమున జూబిలీ హిల్సు అనగానే మన పాఠకులకు ముందుగా స్ఫురించునది చలనచిత్ర పరిశ్రమ. ఫిలింనగరును, అందలి స్టూడియోలను గూర్చి విననివారు అరుదు. ఆ కొండలమీదనే, 46వ నంబరు రోడ్డున, డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేర వెలసిన ఈ సంస్థ మన దేశమున ఇట్టివానిలో మొట్టమొదటిది. ఆచార్య జి. రాంరెడ్డిగారు దీనికి తొలి ఉపకులపతి. 1991లో దీనికి అంబేడ్కర్ మహాశయుని పేరు పెట్టిరి. ఇంటి కడనుండి చదువుకొనువారికి పాఠములను రేడియో ద్వారా వినిపించుట ఈ విద్యావిధానమున ఒక భాగమగుటచే, రేడియో గల గృహములకు ఈ సంస్థ పరిచయము లేనిది కాదు.

ఇట్టి విశ్వవిద్యాలయమున పాఠము చెప్పువారెవరు? జూబిలీ హిల్సునందలి ఆచార్యులు పాఠ్యగ్రంథములను సిద్ధపరతురు. కాని విద్యార్థి ఎదుట నిలిచి సందేహము తీర్చువారు వేరు. ఊరూర నున్న కళాశాలలలో అధ్యయన కేంద్రములు నెలకొల్పబడినవి. అక్కడి అధ్యాపకులే, తమ కొలువు తాము చేసికొనుచు, సెలవు దినములలో వచ్చి తరగతులు నడపుదురు. వీరిని కౌన్సిలర్లు అందురు. వీరు పూర్తికాలపు ఉద్యోగులు కారు. తీసికొనిన తరగతులను బట్టి పారితోషికము పొందువారు. చరిత్రకును, అర్థశాస్త్రమునకును ఈ ఏర్పాటు చక్కగనే సరిపోవుచున్నది. బి.ఎడ్. అనబడు ఉపాధ్యాయ శిక్షణ విషయమున మాత్రము ఇది ఎంతవరకు సరిపోవునో మేమిక్కడ వివరింపదలచినాము.

ఉపాధ్యాయులు పని మానకుండ శిక్షణ పొందవలెనన్న తలంపు క్రొత్తది కాదు. 1964-66 నాటి కొఠారీ సంఘము పనిచేయువారికై తీరిక వేళల విద్యను, ఉత్తరముల ద్వారా విద్యను గట్టిగా సమర్థించినది. దానివలన వేలకొలది బడిపంతుళ్లకు మేలు కలిగినను, బడి మొగమైన చూడకుండ పట్టము పొందుట తగునా యను ప్రశ్నయు పుట్టినది. 1993 నాటి చట్టముచే జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి శాసనబద్ధ సంస్థయై, 1995 నుండి పనిచేయసాగినది. ఆ మండలి 2014లో చేసిన నిబంధనలు బి.ఎడ్.ను రెండేండ్ల చదువుగా మార్చి, అందు 20 వారములు బడితో ముడిపడిన పని యుండవలెనని విధించినవి. దూరవిద్య ద్వారా బి.ఎడ్. చదువుటకు, మునుపే శిక్షణ పొందిన ఉపాధ్యాయులు మాత్రమే అర్హులనియు నియమించినవి. కావున ఈ విద్యార్థులలో పలువురు ఆదివారము శ్రోతలు, సోమవారము ఉపాధ్యాయులు.

ఇక బోధన యను విద్య ఎట్టిదో చూతము. కాకతీయుల చరిత్రను పుస్తకమున చదువవచ్చును, రేడియోలో వినవచ్చును. ఈతను గూర్చి ఎంత చదివినను నీటిలో దిగక అది రాదు గదా! బోధనయు నట్టిదే. ఒకడు పాఠము చెప్పవలెను. తెలిసిన మరియొకడు వెనుకబల్లపై కూర్చుండి చూడవలెను. పిమ్మట ఇరువురును మాటలాడుకొనవలెను. ఈ మూడవదియే శిక్షణకు ప్రాణము.

దీనిని ఒక క్రమములో పెట్టిన పద్ధతికి సూక్ష్మబోధన యని పేరు. 1963 ప్రాంతమున అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డ్వైట్ ఆలెన్ మున్నగువారు దీనిని రూపొందించిరి. ఛాత్రోపాధ్యాయుడు కొద్దిమంది ముందు, కొద్ది నిమిషములు, ఒక్క నైపుణ్యమునే అభ్యసించును. ప్రశ్న వేయుట ఒక నైపుణ్యము, ఉదాహరణ చెప్పుట ఒకటి, నల్లబల్లను వాడుట మరియొకటి. పాఠమును వీడియో టేపుపై పట్టి, చెప్పినవానికే చూపుట ఆనాడే మొదలిడిరి. ఫిలింనగరువారికి ఇది విడ్డూరము కాదు; వారు దానిని రీటేకు అందురు. ఒకసారి నటించి, చూచుకొని, లోపము దిద్దుకొని, మరల నటించుటయే గదా!

మన దేశమున వాడుకలోనికి వచ్చిన పట్టిక ఇది: బోధనకు 6 నిమిషములు, విమర్శకు 6, పాఠమును తిరిగి సిద్ధపరచుటకు 12, తిరిగి బోధించుటకు 6, తిరిగి విమర్శకు 6. మొత్తము 36 నిమిషములు. ఒక కౌన్సిలరు వద్ద పదిమంది ఉన్నారనుకొందము. ఒక్క నైపుణ్యమునకే 360 నిమిషములు, అనగా ఆరు గంటలు. అయిదు నైపుణ్యములకు ముప్పది గంటలు. ఇక ఒక్కొక్కరు ఇరువది పాఠ్యపథకములు వ్రాసితిరనియు, ఒక్కొక్క పథకమును చదివి దిద్దుటకు పావుగంట పట్టుననియు తలచినచో, దానికే ఏబది గంటలు కావలెను.

ఈ గంటలు ఎవరి లెక్కలోనివి? చిక్కంతయు నిక్కడనే యున్నది. తరగతికింత యను లెక్కలో ఉపన్యాసము కనబడును, దిద్దుబాటు కనబడదు. రెగ్యులర్ కళాశాలలకు, విశ్వవిద్యాలయములకు వచ్చు అతిథి అధ్యాపకుల విషయమున 2019లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ప్రకటించిన రేటు కూడ ఉపన్యాసమునకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించరాదు అను తీరుననే యున్నది. సినిమావారి కాల్‌షీటులో నటుడు వేషము వేసికొను వేళయు, దీపముల అమరికకై వేచియుండు వేళయు చేరియుండును. గురువులకు గురువైనవాని కాల్‌షీటులో మాత్రము మాటలాడిన వేళయే లెక్కకు వచ్చుచున్నది. అందుచే, ఎంతటి శ్రద్ధాళువైనను, తెలియకయే ఉపన్యాసమువైపు మొగ్గును.

అంతమాత్రమున తీరిక వేళల ఆచార్యుని తక్కువ చేయరాదు. శనివారము సాయంకాలమువరకు పిల్లల నడుమ నుండి, ఆదివారమున వచ్చి చెప్పువాని మాటలో బడి వాసన యుండును. పత్తితీత వేళ పిల్లలు ఏల రారో, రెండు తరగతులను ఒకే గదిలో ఎట్లు కూర్చుండబెట్టవలెనో ఆతడెరుగును. ఆ అనుభవము విశ్వవిద్యాలయమునకు బయటినుండి వచ్చిన సంపద.

ఆ అనుభవము చూచుటయందు ఎట్లు ఉపయోగపడునో ఒక ఉదాహరణ మనవి చేయుదుము. ఆరవ తరగతిలో ఒక బాలుడు సగమును, మూడవవంతును కూడి 2/5 అని వ్రాసినాడనుకొనుడు. ఛాత్రోపాధ్యాయుడు తప్పని కొట్టివేసి, 5/6 అని బల్లపై వ్రాసి ముందునకు సాగును. అతని లెక్క సరియే. వెనుకబల్లపై కూర్చున్న అనుభవజ్ఞుడు తరగతి ముగిసిన పిదప అడుగును: “అయ్యా, అరరొట్టెకు మరికొంత రొట్టె చేర్చిన, సగముకంటె తగ్గునా అని ఆ బాలునే ఏల అడుగరైతిరి?” 2/5 సగముకంటె తక్కువ. ఆ ఒక్క ప్రశ్నతో బాలుడు తన పొరపాటును తానే పట్టుకొనియుండెడివాడు. ఈ మాట గ్రంథమున దొరకదని కాదు. ఆ వేళకు, ఆ బాలునికి, ఆ ఉపాధ్యాయునికి తగునట్లు దొరకదు. చూచినవాడు లేనిచో ఆ ఉపాధ్యాయుడు ముప్పదియేండ్లు కొట్టివేయుచునే యుండును.

కావున మేము కోరునవి రెండే. మొదటిది, పాఠమును చూచిన గంటయు, పథకమును దిద్దిన గంటయు ఉపన్యాసపు గంటతో సమానముగ లెక్కింపబడవలెను. రెండవది, ఒక కౌన్సిలరునకు అప్పగించిన పదిమందిని చదువు ముగియువరకు మార్చరాదు. తొలి పాఠమును చూచినవాడే తుది పాఠమును చూచినగాని పెరుగుదల తెలియదు. ఇందుకు క్రొత్త భవనములు అక్కరలేదు. లెక్క వ్రాయు పద్ధతి మారిన చాలును. కొంత వ్యయము పెరుగుట నిజమే. కాని ఆ వ్యయము చేయనిచో కలుగు నష్టము ఖాతా పుస్తకములలో కాక, పిల్లల పలకలపై కనబడును.

మన పాఠకుల ఇండ్లలోనే ఇట్లు ఆదివారము బి.ఎడ్. తరగతులకు పోవు కోడలో, కుమారుడో ఉండవచ్చును. వారు తిరిగి వచ్చినపుడు “నేడేమి చెప్పినారు?” అని మనము అడుగుదుము. ఇకమీదట “నీ పాఠము ఎవరైన చూచినారా? చూచి ఏమన్నారు?” అనియు అడుగుడు.